అర అంగుళం ఎక్కువ

ఫిబ్రవరి 3, సోమవారం

చుక్క నిలవడం లేదు.

కొత్త విల్లు. పెట్టె విప్పినప్పుడు మా ఆడపడుచు కూడా "అబ్బ, ఏం మెరుపు వదినా" అంది. మెరుపుకేం, దండిగానే ఉంది. నారి లాగి దానికున్న గురి కన్నంలోంచి చూస్తే మాత్రం గురి పిన్ను కొసనున్న ఎర్ర చుక్క బోర్డు మధ్య పసుపు వలయంలో ఒక్క క్షణం ఉండదు. ఎడమకి పోతుంది, కిందికి జారుతుంది, మళ్ళీ వస్తుంది. నారిని వదిలే ట్రిగ్గర్ మీద వేలు పెట్టేసరికి ఎవరో పిలిచినట్టు బయటికి వెళ్ళిపోతుంది.

నాలుగేళ్ళుగా క్లబ్బు ఆడవాళ్ళ జట్టులో ఉన్నదాన్ని. ముగ్గురి జట్టు. మార్చి రెండున ఎంపిక పోటీ, ఈసారి దానికి నలుగురం. అంటే ఒకరు మిగిలిపోతారు. మిగిలినవాళ్ళని 'అదనం' అంటారు. అదనం పని ఏమిటంటే మంచినీళ్ళ సీసాలు మోయడం, మిగతావాళ్ళు బాణాలు వేస్తుంటే చప్పట్లు కొట్టడం. నేను దర్జీని. కత్తిరించాక మిగిలిన గుడ్డని నేనూ అదనమనే అంటాను, దాంతో బల్ల తుడుస్తాను.

ఈ విల్లు అమ్మినవాడికి నేను పెట్టుకున్న పేరు మేధావి. ప్రపంచంలో ఏ ప్రశ్న అడిగినా వాడి దగ్గర ఒక కేటలాగు ఉంటుంది. "మీ లాగుడు పొడవు కొలవమంటారా మేడం?" అన్నాడు ఆ రోజు. లాగుడు పొడవంటే నారిని పూర్తిగా వెనక్కి లాగినప్పుడు విల్లుకీ నారికీ మధ్య దూరం. మనిషి చేతుల్ని బట్టి ఉంటుంది, విల్లుని దానికి సరిపెట్టి ఇస్తారు. ఇరవై ఏడు అంగుళాలు అని నోటితో చెప్పాను. రోజంతా టేపు మెడలో వేసుకుని తిరిగేదాన్ని, నన్ను వీడు కొలుస్తాడట.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఇవాళ కూడా నిలవలేదు. విల్లుదే తప్పు.

ఫిబ్రవరి 6, గురువారం

ఆలోచించాను. ఈ విల్లు చేసినవాళ్ళకి బుద్ధి లేదు, అదీ సంగతి.

కాంపౌండ్ విల్లుకి పైనొక చక్రం, కిందొక చక్రం. ఆ చక్రానికీ ఈ చక్రానికీ మధ్య దూరం ఎంత ఎక్కువైతే విల్లు చేతిలో అంత కుదురుగా కూర్చుంటుంది. నా పాత విల్లు అలాంటిదే, తలుపు గడియలాంటి మనిషి. ఇప్పుడు ఫ్యాషనంతా పొట్టి విల్లు. పొట్టి, తేలిక. పెట్టె మీద ఒక మోడల్ పిల్ల దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. రెండు వేళ్ళతో ఎత్తడానికా కొనేది? బరువున్నది కదలడానికి బద్ధకిస్తుంది, తేలికది ఊపిరి పీల్చినా ఎగిరిపడుతుంది. మా షాపులో కత్తెరల్ని చూసి చెప్తాను ఈ మాత్రం. పెద్ద కత్తెర బల్ల మీద దానంతట అదే తిన్నగా పోతుంది. కాజాలు కోసే చిన్న కత్తెర చేతిలో గునుస్తూ ఉంటుంది. దీనికి ఇంజనీర్లు కావాలా?

మేధావి దగ్గరికి వెళ్ళి ముందుకి పొడుచుకుని ఉండే పెద్ద కడ్డీ, దాని కొసకి తగిలించే బరువు బిళ్ళలు తెచ్చుకున్నాను. బరువు ముందుకెళ్ళి దూరంగా ఉంటే విల్లు అటూఇటూ తిరగడానికి మొరాయిస్తుంది. "అన్ని బిళ్ళలెందుకు మేడం" అన్నాడు. కేటలాగులో లేనిది అడిగితే వాడికి కడుపునొప్పి.

సాయంత్రం వేసి చూశాను. చుక్క నెమ్మదించింది. నేను చెప్పలేదూ. ఆ తర్వాత ఎడమ చెయ్యి లాగేసింది, చుక్క మెల్లగా నేలచూపులు చూసింది. కొత్త బరువు కదా, అలవాటు పడాలి.

ఫిబ్రవరి 9, ఆదివారం

క్లబ్బు మైదానం. మాకు నేర్పే ఈల మాస్టారి దర్బారు. ఈల ఒకసారి ఊదితే వెయ్యాలి, మూడుసార్లు ఊదితే వెళ్ళి బాణాలు పీక్కోవాలి. ఆయనకి మెడలో ఈల, నోట్లో 'ఊపిరి' తప్ప ఇంకేం లేవు. నా వెనకాల నిలబడి "ఊపిరి అమ్మా, ఊపిరి" అన్నాడు. పీలుస్తున్నానండీ, అందుకే బతికున్నాను అన్నాను. మొహం మాడ్చుకుని పక్క గీతకి పోయాడు.

ఆ పక్క గీతలో పిచ్చుక. ఎంపికకి నాలుగో మనిషి ఈ పిల్లే. మందుల షాపులో పని. భుజం మీద చెయ్యి వేస్తే విరిగిపోయేటట్టుంటుంది. మిగతా ఇద్దరి స్థానాలకి ఢోకా లేదని చిన్నపిల్లనడిగినా చెప్తుంది. ఉన్నదంతా నేనూ ఇదీ.

ఒకరి చుక్క ఇంకొకరికి కనపడదు గానీ, కడ్డీ కొస కనపడుతుంది. కొస వణికితే చుక్క వణుకుతున్నట్టే. పిచ్చుక నారి లాగింది, కొస గోడకి కొట్టిన మేకులా నిలబడింది. దాని విల్లు కూడా నా విల్లే. అదే కంపెనీ, అదే పొట్టి. కడ్డీ నా దాంట్లో సగం లేదు, బిళ్ళ ఒక్కటి.

పొట్టిదానికి పొట్టి విల్లు సరిపోయింది. అందులో గొప్పేముంది.

ఫిబ్రవరి 12, బుధవారం

పొద్దున్న షాపుకి ఒక పెద్దమనిషి వచ్చాడు. ప్యాంటు కుట్టాలి. టేపు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టి, "నడుము ముప్ఫై రెండండీ, ఎప్పుడూ అంతే" అన్నాడు. ఆ ముప్ఫై రెండు ఆయన పెళ్ళినాటిది అయ్యుంటుంది. బెల్టు పైనుంచి పొట్ట తొంగిచూస్తోంది, అది కూడా వింటోంది మా మాటలు. కొలుస్తానంటే ఊపిరి బిగబట్టి పొట్టని వీపుకి అంటించేశాడు. నేనూ తక్కువ తినలేదు, టేపు పట్టుకుని కబుర్లు మొదలుపెట్టాను. మీ అబ్బాయి ఏం చదువుతున్నాడు, ఆ కాలేజీ బాగుంటుందా, హాస్టలు ఎలా ఉంది అని. ఎంతసేపు బిగబడతాడు పాపం. వదిలాడు. ముప్ఫై ఎనిమిది.

మనుషులకి వాళ్ళ ఒళ్ళు వాళ్ళకే తెలియదు. ఇన్నేళ్ళలో తన కొలత తాను నిజం చెప్పినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

ఎడమవైపు తిరిగి పడుకుంటే పోటు. చలికే.

ఫిబ్రవరి 15, శనివారం

క్లబ్బులో విల్లుల మరమ్మతు గది మా ఆడపడుచుది. ఆయన చెల్లెలు. ఈ ఇంట్లో నాకు సమానంగా నోరున్నది అదొక్కతే, అందుకే నాకు అదంటే ఇష్టమూ, మంటా. చూయింగ్ గమ్ నములుతూ, విల్లుని బిగింపులో పెట్టి, ఎవరి పరువైనా అక్కడే తీసేస్తుంది.

పొద్దున్న వెళ్ళి చేతి బరువు పెంచమన్నాను. నారి పూర్తిగా లాగాక చక్రాలు తిరిగి బరువంతా దిగిపోతుంది, వేళ్ళకి కాస్తే మిగులుతుంది. కంపెనీవాళ్ళు ఆ కాస్తా కూడా లేకుండా చేసి అదేదో ఉపకారమన్నట్టు చెప్పుకుంటారు. మరీ తక్కువ మిగిలితే నారికి పట్టు ఉండదు, బట్టలారేసే తాడులా ఊగుతుంది. కొంచెం ఎక్కువ మిగిలితేనే చెయ్యి, వీపు, విల్లు ఒక్క లాగులో ఉంటాయి. ఇది నిజమేనని అదీ ఒప్పుకుంది. చేసి ఇచ్చింది. నేను వేస్తుంటే నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"వదినా, ఒక మాట చెప్తే కొట్టవు కదా?"

"ముందు చెప్పు. కొట్టాలో వద్దో తర్వాత చూస్తా."

"నువ్వు వెనక్కి వాలుతున్నావ్. ఎడమ మోచెయ్యి కర్రలా బిగుసుకుపోతోంది, తల నారి కోసం వెనక్కి పోతోంది. అలా నిలబడితే ఎన్ని బిళ్ళలు తగిలిస్తే మాత్రం ఏం లాభం? విల్లు నీకు పొడుగైంది."

"పొడుగేంటి? నాది ఇరవై ఏడు. నాలుగేళ్ళుగా ఇరవై ఏడే."

"నాలుగేళ్ళ సంగతి కాదు, ఇప్పటి సంగతి. అర అంగుళం తగ్గిద్దాం. చక్రం మీద రెండు స్క్రూలు, అంతే పని. టీ తాగేలోపు అయిపోతుంది."

"నేను రోజుకి పదిమందిని కొలుస్తాను. నా కొలత నువ్వు చెప్తావా?"

"పోనీ ఒకసారి చెయ్యి చాపు, కొలుస్తా."

"చాపను."

అది నమలడం ఆపింది. నా ఎడమ భుజం వంక చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. పోయిన వానాకాలం అందరూ అలాగే చూశారు, గ్లాసుడు నీళ్ళు నేను తెచ్చుకుంటే లేచి నిలబడేవాళ్ళు. విల్లు తీసుకుని వచ్చేశాను.

దానికీ పిచ్చుకకీ స్నేహం. ఎవరి పక్షమో తెలియనంత అమాయకురాలినా నేను?

ఫిబ్రవరి 16, ఆదివారం

మైదానానికి వెళ్ళలేదు. ఆడపడుచుతో మాటల్లేవు. మీ చెల్లెలికి చెప్పండి అని ఆయనకి చెప్పాను. ఏం చెప్పాలి అన్నాడు. మాటల్లేవని చెప్పండి అన్నాను. సరే అని పేపర్లో తల దూర్చాడు.

ఫిబ్రవరి 18, మంగళవారం

నోరు మూయించడానికి రుజువు కావాలి కదా. గోడకి వీపు ఆనించి చేతులు రెండువైపులా బార చాపాను. ఈ కొస వేలి నుంచి ఆ కొస వేలికి ఎన్ని అంగుళాలో చూసి రెండున్నరతో భాగిస్తే లాగుడు పొడవు వస్తుంది. టేపు ఆయన చేతికిచ్చాను. జీవితంలో మొదటిసారి టేపు పట్టుకున్నాడు, పాముని పట్టుకున్నట్టు.

"ఇంకా సాగకు," అన్నాడు.

"సాగట్లేదు. చదవండి."

"మునివేళ్ళ మీద లేచావ్."

"చదవండి అంటున్నానా."

అరవై ఏడున్నర. భాగిస్తే అచ్చంగా ఇరవై ఏడు. చెప్పండి మీ చెల్లెలికి అన్నాను. ఆయన టేపు చుట్టి నా చేతిలో పెట్టి, "రాత్రి మళ్ళీ మూలిగావు," అన్నాడు. అడిగిందేమిటి, చెప్పిందేమిటి. ఈయనకి ఎప్పుడూ సందర్భం తెలియదు.

ఫిబ్రవరి 20, గురువారం

జట్టు జాకెట్ల గుడ్డ వచ్చింది. ఏటా కుట్టేది నేనే. ముగ్గురికి మూడు, అదనానికి ఒకటి, అన్నీ ఒకేలా ఉంటాయి. ఎంపికయ్యేదాకా మిగతావి కత్తిరించను. నాది మాత్రం ముందే కుట్టేస్తాను, కాగితం మీద నా నమూనా ఉండనే ఉంది.

ముదురు నీలం. మంచి గుడ్డ, చెప్పిన మాట వింటుంది. మధ్యాహ్నానికి చేతులతో సహా అయిపోయింది. వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. కుడి భుజం కుట్టు ఎక్కడుండాలో అక్కడుంది. ఎడమ కుట్టు మాత్రం భుజం దాటి చేతి మీదికి జారింది, ఆ వైపు జాకెట్ చెయ్యి నా అరచేతిని సగం మింగింది. ఎవరిదో అరువు జాకెట్ వేసుకొచ్చినట్టున్నాను.

నమూనా కాగితానికి చెమ్మ తగిలి సాగి ఉంటుంది. బీరువా పక్కన గోడ ఊరుతోందని ఆయనకి ఎన్నిసార్లు చెప్పాను.

ఫిబ్రవరి 22, శనివారం

కొత్త కాగితం మీద నమూనా మళ్ళీ గీశాను, కుట్లు విప్పి మళ్ళీ కుట్టాను. మళ్ళీ అంతే. ఇప్పుడు ఈ గుడ్డ మిల్లువాళ్ళని తిట్టాలి. నేత ఒకవైపు వదులు, ఒకవైపు బిగువు. డబ్బులు పుచ్చుకుంటారు, మగ్గం వంక చూడరు.

కుడివైపు కూడా అదే గుడ్డ కదా అని తట్టింది. లైటార్పి ఇంటికొచ్చేశాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

మెడ దగ్గరనుంచి కుడి భుజం కొస దాకా కొలిచాను. తర్వాత ఎడమది. సాగకుండా, ఊపిరి బిగబట్టకుండా.

ఇక్కడ రాయను.

ఫిబ్రవరి 25, మంగళవారం

విల్లుకి వెనక పక్క ఒక కడ్డీ పెట్టించాను. గురి సామానంతా కుడివైపే వేలాడుతుంది కాబట్టి విల్లు అటు ఒరుగుతుంది, దానికి ఎడమవైపు ఎదురు బరువు. సూత్రం ప్రకారం నూటికి నూరుపాళ్ళు కరెక్టు. ఇప్పుడు నా విల్లు కొమ్ములూ తోకలూ మొలిచిన జంతువులా ఉంది. ఎత్తేసరికే సగం ప్రాణం పోతోంది. కుదురుగా ఉందా అంటే ఉంది, నేనే లేను దాని వెనకాల.

మేధావి మాత్రం నమస్కారం పెట్టాడు. వాడి ఇల్లు నా బిళ్ళల మీద లేస్తోంది.

ఫిబ్రవరి 26, బుధవారం

సరే. ఎవరూ చదవరు కదా, రాస్తాను.

పోయిన వానాకాలం గుడ్డ బేలు భుజాన వేసుకుని షాపు మెట్లు దిగుతూ పడ్డాను. మెడ కింద అడ్డంగా ఉండే ఎముక, ఎడమవైపుది, విరిగింది. కట్టు కట్టారు. అతుక్కుంది. విప్పిన రోజు డాక్టరు ఎక్స్‌రే ఫొటోని దీపం మీద పెట్టి, "ఒకదాని మీద ఒకటి ఎక్కి అతుక్కుందమ్మా, కొంచెం పొట్టిదైంది. రోజువారీ పనికి తేడా ఏమీ రాదు," అన్నాడు. నేను 'తేడా ఏమీ రాదు' అన్నది పట్టుకుని ఇంటికొచ్చాను. ముందు ముక్క అక్కడే వదిలేశాను.

ఒకదాని మీద ఒకటి ఎక్కించి కుడితే గుడ్డ ఎంత తగ్గుతుందో తెలియకుండానే ఇన్నేళ్ళు మిషను తొక్కానా? ముక్కాలంగుళం తగ్గింది. కాగితానికి చెమ్మ తగల్లేదు, మిల్లువాళ్ళ తప్పు లేదు. ఎడమ భుజం లోపలికొచ్చింది, దాంతో చెయ్యీ వెనక్కొచ్చింది. విల్లు మాత్రం పాత మనిషి కోసం చూస్తోంది. ఆ పాత మనిషిని అందుకోవడానికే నేను వెనక్కి వాలుతున్నది.

మరి చెప్పి తగ్గించుకోవచ్చు కదా. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. పాపం అంటారు. ఆస్పత్రి నుంచి వచ్చాక మూడు నెలలు ఆ మాటే విన్నాను. కూరగాయలవాడి దగ్గర్నుంచి ఈల మాస్టారి దాకా అందరి నోటా అదే, పాపం ఆవిడ ఇదివరకు ఎంత బాగా వేసేదో. ఇదివరకు అట. ఆ మాట వింటే ఒళ్ళు మండిపోతుంది నాకు. భయం కూడా వేస్తుంది. ఇవాళ ఎముక ముక్కాలంగుళం తీసుకుంది, ఒప్పుకుంటే రేపు ఇంకేం అడుగుతుందో అని భయం.

పాత కొలతతోనే గెలుస్తాను. రెండో తారీకు అయ్యాక చూద్దాం.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఆడపడుచు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

మార్చి 2, ఆదివారం

పొద్దున్న ఎండ బాగుంది, గాలి లేదు. గాలి ఉంటే బాగుండేది, ఏదైనా చెప్పుకోడానికి.

నలుగురం గీత మీద నిలబడ్డాం. ఈల మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, పెళ్ళిపెద్దలా తిరుగుతున్నాడు. పోటీ రెండు భాగాలు, మధ్యలో టీ. మొదటి భాగం గురించి రాయడానికేముంది. నా జంతువుని ఎత్తాను, నారి లాగాను, చుక్క పసుపులోకి వచ్చింది, నా మాట వినలేదు. నిలిచినప్పుడు వెయ్యడం మానేసి, దాటిపోతున్నప్పుడు తొందరపడి కొట్టడం మొదలుపెట్టాను. అది మహా చెడ్డ అలవాటు. కొత్తవాళ్ళు చేస్తే నేనే నవ్వుతాను. బాణాలు బోర్డు నిండా గింజలు చల్లినట్టు పడ్డాయి. పక్కన పిచ్చుక ఒక్కొక్కటీ ఏదో మందు బిళ్ళలు లెక్కపెట్టి ఇస్తున్నట్టు వేసుకుంటూ పోయింది. మొదటి ఇద్దరూ ఎటూ ముందే ఉన్నారు. మూడో స్థానంలో పిచ్చుక. నాలుగో పేరు నాది.

అందరూ టీకి వెళ్ళారు. నేను మరమ్మతు గదికి వెళ్ళాను. ఆడపడుచు ఎవరిదో నారికి మైనం రాస్తోంది. తలెత్తింది. విల్లుని దాని బల్ల మీద పెట్టాను.

"తగ్గించు," అన్నాను.

"ఎంత?"

"నువ్వు చెప్పిందే. అర అంగుళం."

"ఇప్పుడా?" గమ్ము బుగ్గన పెట్టుకుంది. "వదినా, తగ్గిస్తే వేగం తగ్గుతుంది, బాణాలు కిందకి పడతాయి. ఎంత కిందకో రెండు విడతలు వేసి చూస్తేగానీ చెప్పలేను. వేసి చూడ్డానికి టైము లేదు. నిన్న వచ్చుంటే..."

"నిన్న రాలేదు."

"ఫోన్ చేశానుగా."

"ఎత్తలేదు. తెలుసు కదా. ఇప్పుడు అది కూడా ముచ్చటించాలా?"

అది ఒకసారి నవ్వబోయి ఆపుకుంది. స్క్రూలు విప్పుతూ, తల ఎత్తకుండా, "ఎముక వల్లేనా?" అంది.

"ఊఁ."

"ఎంత తగ్గింది?"

"ముక్కాలు."

పాపం అంటుందని చూశాను. అనలేదు. "ఈ బిళ్ళలు సగం పీకేస్తున్నా, ఇదేం విల్లా, సామాన్ల కొట్టా," అంది. ఆ మాటకి నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. గురి కన్నం కంటికి సరిగ్గా వస్తోందో లేదో రెండుసార్లు లాగించి చూసింది. ఈల వినపడింది. టీ తాగేలోపే అయిపోయింది, అది చెప్పినట్టే.

రెండో భాగం. నారి లాగాను. వెనక్కి వాలలేదు, వాలే పనే రాలేదు. మోచెయ్యి దానంతట అది మెత్తగా వంగింది. నారి నా దవడ దగ్గరికి వచ్చింది, నేను దాని కోసం వెళ్ళలేదు. చుక్క పసుపులోకి వచ్చి కూర్చుంది. అంతే, కూర్చుంది. ఎన్ని నెలలైందో అది నా కంటి ముందు అలా ఉండి. ట్రిగ్గర్ నారిని ఎప్పుడు వదిలిందో కూడా తెలియలేదు. అలా తెలియకుండా వదలడమే పద్ధతి.

మూడు ఈలలు పడ్డాక బోర్డు దగ్గరికి వెళ్ళాను. బాణాలన్నీ ఒక్క చోటే, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. అరచేతితో మూయొచ్చు. నా జన్మలో అంత దగ్గరగా వెయ్యలేదు. అన్నీ పసుపు కింద, ఎర్రలో, ఇంకాస్త కిందైతే నీలమే. ఆడపడుచు గీత అవతల నుంచి దూరదర్శినిలో చూస్తోంది. వేలు కిందకి చూపించింది. గురి పిన్ను దింపాను, పిన్ను దిగితే విల్లు ఆ మేరకి పైకి లేస్తుంది. రెండో విడతకి పసుపు అంచుకి వచ్చాయి. మళ్ళీ దింపాను. మూడో విడత నుంచి నడిమధ్యే. ఆ తర్వాత ఒక్కటి పక్కకి పోలేదు. ఈల మాస్టారు నా వెనక చాలాసేపు నిలబడ్డాడు, 'ఊపిరి' అనలేదు.

చివర్లో కూడితే పిచ్చుక నాకంటే మూడు మార్కులు పైన ఉంది. మొదటి విడత ఎర్రలో పోసుకున్నదాంట్లో సగం చాలు. మొన్న ఫోన్ ఎత్తి ఉంటే చాలు. అందరూ చేతులు కలుపుకున్నారు. నేనూ కలిపాను, నవ్వాను కూడా, నాకు బాగానే వచ్చు. కారులో కూర్చున్నాక ఏడ్చాను. ఆయన ఇంజను వెయ్యకుండా పక్కన కూర్చున్నాడు. ఏడవడం అయ్యాక, "భుజం పోటా?" అన్నాడు. కాదు, కోపం అన్నాను. ఎవరి మీద అని అడగలేదు.

మార్చి 3, సోమవారం

షాపు తెరవలేదు. అదనం.

మార్చి 6, గురువారం

పిచ్చుక జాకెట్ కొలతలకి వచ్చింది. "నమస్తే ఆంటీ" అంటూ లోపలికొచ్చింది. ఆంటీ అట. నాకూ దానికీ మధ్య ఎంత తేడా ఉందో ఆ పిల్ల మందుల షాపులో ఎక్స్‌పైరీ తేదీ చూసినట్టు చూసి చెప్పింది.

చేతులు పైకెత్తమన్నాను. నిలబడినట్టు నిలబడింది, బిగబట్టలేదు, సాగలేదు. ఎంతుంటే అంత. ఇన్నేళ్ళలో మొదటి మనిషి, ఇదే అవ్వాలా.

"ఆంటీ, ఒకటి అడగనా? మీ రెండో భాగం బోర్డు చూశాను. నేను ఎప్పుడూ అలా వెయ్యలేదు. ఏం మార్చారు?"

దాచొచ్చు. వెనక కడ్డీ అని చెప్పొచ్చు, నోటి దాకా వచ్చింది కూడా. నమ్మి వెళ్ళి మేధావి దగ్గర కొనుక్కునేది.

"లాగుడు తగ్గించాను," అన్నాను. "ఎముక విరిగి పొట్టిగా అతుక్కుంది. నేను పాత కొలతే పట్టుక్కూర్చున్నా."

"అయితే మొదటినుంచీ తగ్గించి ఉంటే..."

"ఉంటే నువ్వు నీళ్ళ సీసాలు మోసేదానివి. చెయ్యి దించు."

అది నవ్వలేదు. "అవునండీ, మోసేదాన్నే," అంది. దబాయించడానికి కూడా వీలివ్వని పిల్ల.

అది వెళ్ళాక గుడ్డ పరిచాను. సుద్దముక్కతో వీపు గీత గీస్తూ ఉంటే ఒక ఆలోచన వచ్చింది. వచ్చింది కాబట్టి రాస్తున్నాను. జాకెట్ వీపులో అర అంగుళం తగ్గిస్తే అద్దంలో ఇంకా చక్కగా, ఒంటికి అతికినట్టు ఉంటుంది. నారి లాగినప్పుడు మాత్రం రెండు భుజాల మధ్య గుడ్డ బిగుస్తుంది. కొంచెమే. కడ్డీ కొస వణకడానికి సరిపోయేంత. పిచ్చుక బిళ్ళలు మారుస్తుంది, కడ్డీ మారుస్తుంది, విల్లుని తిడుతుంది. వీపు వంక ఎవడూ చూడడు. ఈ ఊళ్ళో ఆ సంగతి కనిపెట్టగలిగిన దర్జీని నేనొక్కదాన్నే. ఒక వారం అలా అయితే అదనాన్ని పిలుస్తారు.

గీశాను కూడా. అర అంగుళం లోపలికి. చాలాసేపు ఆ గీత చూస్తూ కూర్చున్నాను.

తర్వాత సుద్ద దులిపేసి అంగుళం బయటికి గీశాను. వీపు మధ్యలో మడత పెట్టి, లాగినప్పుడు తెరుచుకుని వదిలినప్పుడు మూసుకునేట్టు కత్తిరించాను. ఎడమ చెయ్యి కింద ఒక చిన్న ముక్క అదనంగా వేశాను, ఆ పిల్ల నారిని ఎంత లాగినా జాకెట్ ఉన్నట్టే దాని ఒంటికి తెలియదు. మామూలుగా కంటే రెండింతలు పని. గుడ్డ కూడా ఎక్కువే పట్టింది.

పిల్ల మీద ప్రేమతో కాదు. జాకెట్ మీద షాపు చీటీ ఉంటుంది. నలుగురూ చూస్తారు. బాగా కుట్టకపోతే నాకే కదా చెడ్డపేరు. అందుకే కుట్టాను.